మైకు పెట్టడానికి చోటు లేని పాట

పోయిన నెల డప్పు గురించి రాస్తూ, ఎమిరేట్స్ (దుబాయి ఉన్న దేశం)లోని అల్ ఐన్ ఊళ్లో నేను మైక్‌సెట్ కట్టిన ఎడారి పెళ్లిళ్ల ముచ్చట ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. ఉత్తరాలన్నీ ఆ వాక్యం మీదే వచ్చాయి. డప్పు సంగతి ఒక్కరూ అడగలేదు. సరే, ఈ నెల శీర్షిక అంతా బదూల పాటకే. బదూలంటే ఎడారిలో ఒంటెలతో, మేకలతో తిరిగిన అరబ్బులు, మన పుస్తకాల్లో బెదూయిన్లు. 1996 నుంచి 2014 వరకు అక్కడ ఉన్నాను. పండితుడిని కాను, వైర్లు లాగినవాడిని. చూసిందీ విన్నదీ, తర్వాత కుతూహలం కొద్దీ తెలుసుకున్నదీ చెబుతాను.

ప్రశ్న: దుబాయిలో ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చాను. ఏటా డిసెంబరు 2న జాతీయ దినోత్సవానికి తెల్ల కందూరాలు వేసుకున్న మగవాళ్లు రెండు వరుసలుగా నిలబడి, సన్నటి కర్రలు పట్టుకుని గంటల తరబడి తలలు ఊపుతారు. అంతకుమించి ఏమీ జరగదు. దీన్ని నృత్యం అని ఎలా అంటారండీ?
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మొదటిసారి చూసినప్పుడు నేనూ అదే అనుకున్నాను. కాబట్టి మిమ్మల్ని తప్పు పట్టను.

మీరు చూసింది అయ్యాలా. ఎమిరేట్స్‌లోనూ, దాన్ని ఆనుకుని ఉన్న వాయవ్య ఒమన్‌లోనూ పెళ్లి జరిగినా, పండగ వచ్చినా ఇది ఉండాల్సిందే. 2014లో యునెస్కో రెండు దేశాల పేరు మీదా దీన్ని వారసత్వ కళల జాబితాలో చేర్చింది. వరుసకు ఇరవై మంది దాకా ఎదురెదురుగా నిలబడతారు. చేతిలోని వెదురు బెత్తం ఒకప్పటి బల్లేనికో కత్తికో గుర్తు. రెండు వరుసల నడుమ వాద్యగాళ్లు ఉంటారు. 'రాస్' అనే పెద్ద డోలు, దానికి తోడు చిన్న డోళ్లు, కంజిర లాంటి తప్పెట్లు, ఇత్తడి తాళాలు. కత్తులో తుపాకులో పట్టుకున్న కొందరు వరుసల చుట్టూ తిరుగుతూ, వాటిని గాలిలోకి ఎగరేసి పట్టుకుంటారు. మన కళ్లు సహజంగా వాళ్ల మీదికే పోతాయి, మీ కళ్లు కూడా పోయి ఉంటాయి. అసలు విషయం మాత్రం కదలనట్టు కనిపించే ఆ వరుసలో ఉంది.

ఈసారి చూస్తే ఒక్క మనిషి భుజాన్నే గమనించండి. పక్కవాడి భుజానికి అంటుకుని ఉంటుంది. వెనకనుంచి చేతులు పెనవేసుకుని ఉంటారు. కుడిచేతిలో బెత్తం. డోలు దెబ్బకు తలా, బెత్తమూ కలిసి కిందికి దిగుతాయి, కలిసి లేస్తాయి. ఇరవై బెత్తాలు ఒకే బెత్తంలా కదలాలి. ఒక వరుస బెత్తాలెత్తి నిలిచినప్పుడు ఎదుటి వరుస వంగుతుంది, కాసేపటికి ఆ వరుస లేచి ఈ వరుస వంగుతుంది. గెలుపు ఇటూ అటూ చేతులు మారే యుద్ధం అది. పాట కూడా అంతే. ఒక వరుస పాదం అందుకుంటే రెండో వరుస దాన్ని తిరిగి ఇస్తుంది. కవిత్వం నబతీ, అంటే గ్రాంథిక అరబ్బీ కాకుండా ఎడారి మనుషుల వాడుక మాటలో కట్టినది. వరుసను నడిపే పెద్ద సాధారణంగా వంశపారంపర్యంగా ఆ స్థానానికి వస్తాడు. కొత్త కుర్రవాళ్లకు నేర్పేదీ ఆయనే.

ఇక నా అవమానం కూడా చెప్పేస్తాను. 1996 చలికాలం, అల్ ఐన్‌కు అవతల ఇసుక నేల, ఇంటి పక్కన వేసిన గుడారం, గురువారం సాయంత్రం. పనిలో చేరి రెండు నెలలు కాలేదు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో పెళ్లిళ్లకు మైక్‌సెట్ కట్టిన అనుభవం ఉందన్న ధీమాతో, పాడేవాడి ముందు మైకు పెట్టాలి కదా అని స్టాండు తీసుకుని బయల్దేరాను. పాడేవాడు ఎవరు? ఈ వరుస పాడుతోంది అనుకుని ఇటు పెడితే పాట అటు వెళ్లింది. అటు పెట్టేలోగా ఇటు వచ్చింది. మధ్యలో పెడితే రాస్ డోలు తప్ప ఇంకేమీ వినపడలేదు, పైగా స్పీకర్లు కీచుమన్నాయి. నాలుగు మైకులు తెచ్చి నాలుగు మూలలా పెట్టాను. అప్పుడు వరుస పెద్ద, తెల్లగడ్డం మనిషి, తాళం తప్పకుండానే తన బెత్తం కొనతో ఒక స్టాండును మెల్లగా పక్కకు జరిపాడు. మగ్రిబ్ నమాజుకు ఆట ఆగినప్పుడు పిలిచి, ఇది ఎవరికి వినిపించడానికి అని అడిగాడు. అతిథులకు అన్నాను. అతిథులందరూ ఇక్కడే ఉన్నారుగా అని రెండు వరుసలనూ చూపించాడు.

నిజంగానే కుర్చీలు దాదాపు ఖాళీ. వచ్చిన చుట్టాల్లో నిలబడగలిగిన మగవాళ్లంతా వరుసల్లో ఉన్నారు. మీరు దుబాయి మైదానంలో బారికేడ్ల ఇవతలనుంచి చూశారు, నేను ఆంప్లిఫయర్ వెనకనుంచి చూశాను. ఇద్దరం తప్పు చోటే నిలబడ్డాం. బయటినుంచి చూస్తే అది తల ఊపడంలాగే ఉంటుంది.

ప్రశ్న: అయ్యా, కువైట్‌లో ఒక ఇంట్లో పదకొండేళ్లు వంటపని చేశాను. పెళ్లికి మేడంగారి వెంట ఆడవాళ్ల హాలుకు వెళితే, పెళ్లీడు పిల్లలు జుట్టు విరబోసుకుని ఇటూ అటూ విసురుతూ ఆడారు. మా వైపు అమ్మవారు పూనినప్పుడు తప్ప అలా చూడలేదు, భయపడిపోయాను. డప్పులు కొట్టింది కూడా ఆడవాళ్లే. అదేమిటో ఇన్నేళ్లూ ఎవరినీ అడగలేదు.
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, ఈ విషయంలో నాకంటే మీరే ఎక్కువ చూశారు. అక్కడ పెళ్లికి మగవాళ్ల వేడుక వేరు, ఆడవాళ్ల వేడుక వేరు. పద్దెనిమిదేళ్లలో ఆ తెర అవతలికి నా వైర్లు వెళ్లాయి గానీ నేను వెళ్లలేదు. తెర కింద నుంచి వైరు తోస్తే అవతల ఎవరో అందుకుని స్పీకరుకు తగిలించేవారు. ఎక్కడైనా వదులైతే స్పీకరు గరగరమనేది, నేను ఇవతల నిలబడి గట్టిగా నొక్కండమ్మా అని నాకు వచ్చిన అరబ్బీలో అరిచేవాడిని.

అందులో పూనకం ఏమీ లేదు. పొడవాటి జుట్టు అందం, అది ఆడవాళ్ల మధ్య మాత్రమే విప్పి చూపే అందం, కాబట్టి పెళ్లినాడు దాన్నే ఆడిస్తారు. తల ముందుకు వంచి, జుట్టును భుజం మీదుగా ఒక పక్కకు, మళ్లీ రెండో పక్కకు తాళానికి సరిగ్గా తిప్పడం చిన్నప్పటినుంచీ నేర్చుకునే విద్య. మెడ పట్టేస్తుందని ఒక ఎమిరేట్స్ పెద్దాయన నవ్వుతూ చెప్పాడు, వాళ్ల అమ్మాయి మాట అట. ఎమిరేట్స్‌లో అయితే చిన్నపిల్లలు అందరి ముందూ కూడా ఆడతారు. అయ్యాలా వరుసల ముందు రంగురంగుల పొడవాటి గౌన్లతో నిలబడి జుట్టు ఊపే ఆ పిల్లలను నఆషాత్ అంటారు.

మీరు చూసిన డప్పుల ఆడవాళ్లు 'తగ్గాగాత్'. కొట్టేవాళ్లు అని ఆ మాటకు అర్థం. పాడేదీ, తార్ అనే తప్పెట వాయించేదీ వాళ్లే. పెళ్లి పెళ్లికీ వాళ్లను కుదుర్చుకుంటారు, వాయిస్తుంటే నోట్లు చదివిస్తారు. అందులో కొందరి పేరు చెబితే పెళ్లి తేదీనే మార్చుకునేంత గిరాకీ ఉంటుందని వినేవాడిని. పల్చటి పట్టు మీద బంగారు పనితో ఒళ్లంతా రెక్కల్లా పరుచుకునే ఆ అంగీ పేరు తోబ్ నషల్. దాని అంచును తలమీదికి ఎత్తి పట్టుకుని ఆడడం మీరు చూసే ఉంటారు. ఆ బంగారు పనిని అక్కడ ఏమంటారో మీకు గుర్తుందా? జరీ అనే అంటారు.

ఒక్క కోరిక. ఆ హాలులో ఏ పాట ఎప్పుడు పాడారో, పెళ్లికూతురు వచ్చేటప్పుడు తాళం మారిందా లేదా, మీకు జ్ఞాపకమున్నంత రాసి పంపండి. ఈ శీర్షికలో వేద్దాం. కువైట్‌లో, మస్కట్‌లో, దోహాలో పనిచేసి వచ్చిన మన ఆడవాళ్లు చూసింది రాయగల మగవాడు ఎవడూ లేడు.

ప్రశ్న: బెల్లీ డాన్స్ బెదూయిన్ల సంప్రదాయమేనా? ఎడారి విహారం టికెట్టు మీద 'బెదూయిన్ రాత్రి' అని ఉంది.
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కాదు. అది కైరో నగరపు హాళ్లలో ఇప్పటి రూపం తీసుకున్న నృత్యం. ఆ విహారంలోనే చూపించే, రంగుల గాగరా తిప్పే మగమనిషి ఆట కూడా ఈజిప్టుదే. టికెట్టులో ఎడారి మాత్రం అసలుది. ఒంటె మీంచి దిగేటప్పుడు వెనక్కి వాలి కూర్చోండి.

ప్రశ్న: ఫోనులో ఒక వీడియో చూశాను. పాతికమంది మగవాళ్లు భుజం భుజం కలిపి నిలబడి చప్పట్లు కొడుతూ, గొంతులోంచి జంతువు గుర్రుమన్నట్టు ఒకే శబ్దం చేస్తున్నారు. వాద్యం ఒక్కటీ లేదు. కింద కొందరు భయంగా ఉందని, కొందరు దెయ్యాల మంత్రమని రాశారు. నిజం ఏమిటి?
— ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: బాబూ, అది పెళ్లి. దెయ్యాలు పెళ్లి చేసుకుంటాయేమో నాకు తెలియదు.

దాని పేరు దహియ్యా. జోర్డాన్, పాలస్తీనాకు దక్షిణాన ఉన్న నెగెవ్ ఎడారి, సినాయ్, సౌదీ ఉత్తర ప్రాంతం, సిరియా, ఇరాక్ ఎడారులు దాని తావులు. అల్ ఐన్‌లో నాకు అది చూసే అవకాశం రాలేదు. మా షాపులో నాతో పనిచేసిన జోర్డాన్ మనిషి గోదాములో చేసి చూపించాడు. ఒక్కడు చేస్తే కుదరదు అని ముందే చెప్పి, మలయాళీలు ఇద్దరినీ, పెషావర్ డ్రైవరునూ, నన్నూ స్పీకరు పెట్టెల ముందు వరుసగా నిలబెట్టాడు.

మొదట చప్పట్లు. అరచేతులు గుండె ఎత్తులో, నిదానంగా. అతను ఒక పాదం పాడితే మేం పల్లవి అనాలి. పల్లవి 'హలా హలా' అని మొదలవుతుంది, రండి రండి అన్నట్టు. అసలు వేడుకలో ఆ పాదాలు కట్టే కవిని బద్దా అంటారు. అప్పటికప్పుడు వచ్చిన అతిథిని పొగుడుతాడు, పెళ్లివారిని పొగుడుతాడు, ఎదుటి కవిని గిల్లుతాడు. పాదం పాదానికీ వేగం పెరుగుతుంది. కొంతసేపటికి మాటలు రాలిపోతాయి. మోకాళ్లు కొద్దిగా వంచి, ముందుకు వాలుతూ ఊపిరి వదిలితే ఒక హకారం, లేస్తూ పీలిస్తే ఇంకోటి. 'దహీ...యా, దహీ...యా' అన్నట్టు వినిపించేది ఆ ఊపిరే. మీరు గుర్రుమనడం అన్నది అదే. రెండు నిమిషాలకే నాకు తల తిరిగింది, డ్రైవరు మాత్రం మానలేదు. అతను మా మేనేజరు వచ్చి అరిచేదాకా ఆడాడు.

పూర్వం యుద్ధానికి ముందు శత్రువును బెదరగొట్టడానికి దీన్ని చేసేవారని చెప్పుకుంటారు. చీకట్లో పాతికమంది ఊపిరి వందమంది ఊపిరిలా వినిపిస్తుంది కాబట్టి నాకు ఆ మాట నమ్మాలనే ఉంది.

వరుస ముందు ముసుగు వేసుకుని, చేతిలో కత్తో కర్రో పట్టుకుని ఆడే ఆమెను హాషీ అంటారు. ఆ మాటకు లేత ఒంటె అనే అర్థం కూడా ఉంది. ఆమె ఆ ఇంటి ఆడపడుచే అయి ఉంటుంది. వరుస ఆమె వైపు వాలుతుంది, ఆమె కత్తి అంచుతో వాళ్లను దూరంగా ఉంచుతుంది. జోర్డాన్‌లో ఈ రాత్రి వేడుక మొత్తాన్ని సామిర్ అంటారు. యునెస్కో 2018లో జాబితాకు ఎక్కించింది. పెళ్లికొడుకు తండ్రో పెళ్లికూతురు తండ్రో వచ్చి అందరినీ పిలిచి మొదలుపెట్టిస్తాడు. 'సమర్' అంటే రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చెప్పుకునే కబుర్లు. ఆ మాటలోంచే సామిర్ వచ్చింది, గల్ఫ్ వైపు మోకాళ్ల మీద కూర్చుని తార్లు వాయిస్తూ పాడే సామ్రీ కూడా వచ్చింది.

ఇప్పుడు పెళ్లిళ్లలో దహియ్యాకు కీబోర్డు కలిపి, చప్పట్లను కూడా యంత్రంలోంచే వినిపిస్తున్నారు. నా కడుపు నింపింది స్పీకర్లే అయినా ఇది నాకు మింగుడు పడలేదు. చప్పట్లు యంత్రం కొడితే ఆ పాతికమంది చేతులు ఏం చేస్తాయి?

ప్రశ్న: మేం జానపద సాహిత్యం చదువుతున్నాం. మన రోకటి పాటలు, నాట్ల పాటల వంటి శ్రమగేయాలు ఎడారిలో ఉన్నాయా?
— విద్యార్థినులు, వరంగల్

జవాబు: ఎడారిలో నాట్లు లేవు, ప్రయాణం ఉంది. కాబట్టి పాట ఒంటె మీద పుట్టింది. తగ్రూదా అని ఎమిరేట్స్, ఒమన్ బదూల పాట ఒకటుంది. ఏడు పాదాలకు మించదు. ఒంటెల మీద పోతూ ఒక జట్టు అచ్చులను బాగా సాగదీసి ఒక పాదం పాడితే రెండో జట్టు తిరిగి అంటుంది. మనుషులకు విసుగు పోతుంది, ఒంటెలన్నీ ఒకే నడకలో పడతాయి. వాద్యం ఉండదు, తాళం ఒంటె అడుగే. తర్వాత అదే పాట నెగడు చుట్టూ, పెళ్లిళ్లకు, ఒంటె పందేలకు వచ్చింది. 2012లో యునెస్కో గుర్తింపు దొరికింది.

రోకటి పాట అన్నారు కాబట్టి ఇంకోటి. జోర్డాన్ వైపు గుడారాల్లో కాఫీ గింజలు దంచే చెక్క రోలు ఉంటుంది, పేరు మిహ్‌బాష్. చెక్కడపు పని చేసిన పొడుగాటి రోలు, సన్నటి రోకలి. గింజలు నలగడానికి అడుగున ఒక దెబ్బ చాలు. కానీ అలా దంచేవాడిని పనికిమాలినవాడు అంటారు. అడుగున ఒకటి, లోపలి గోడకు ఒకటి, అంచుకు ఒకటి, మళ్లీ అడుగున. ఆ తాళం విని చుట్టుపక్కల గుడారాలవాళ్లు, ఫలానా వారింటికి అతిథి వచ్చాడు, కాఫీ సిద్ధమవుతోంది, పోదాం పదండి అనుకుంటారు. మన రోకలి మనసు చెప్పుకోవడానికి, వాళ్ల రోకలి కబురు పంపడానికి. ఇందులో దంచేది మగవాళ్లు. మీ పరిశోధనలో ఈ తేడా కూడా రాసుకోండి.

ఆ కాఫీ దగ్గర వినిపించే వాద్యం రబాబా. చెక్క చట్రానికి రెండు వైపులా తోలు బిగించి, గుర్రపు వెంట్రుకలతో ఒకే ఒక తీగ. కమాను కూడా గుర్రపు వెంట్రుకలే. ఆటకు పనికిరాదు, కథ చెప్పేవాడి గొంతుకు తోడుగా ఉంటుంది. నాలుగైదు స్వరాలకు మించి పలకదు. కవి ఆగిన చోట అది వాక్యం పూర్తి చేస్తుంది.

ప్రశ్న: మా పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా, తీన్‌మార్ కూడా బదూల సంగీతమే అని మా నాన్న అంటారు. నిజమా?
— ఒక పాఠకుడు, బార్కస్, హైదరాబాద్

జవాబు: నాన్నగారు సగం నిజం చెప్పారు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చారు. వాళ్ల బ్యారక్సే నోట్లో నలిగి మీ బార్కస్ అయింది. హద్రమీలలో బదూలూ ఉన్నారు, లోయల్లో ఖర్జూరం పండించుకునే ఊళ్లవాళ్లూ ఉన్నారు. కాబట్టి అంతా ఎడారి పాట అనలేం. నిజాం ఆఫ్రికన్ అశ్వదళంలో పనిచేసిన సిద్దీలు ఏసీ గార్డ్స్‌లో స్థిరపడ్డారు, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, ఆ పేట పేరు ఆ దళం పేరే. మర్ఫాలో వాళ్ల చెయ్యీ ఉంది. చిన్న నగారా, డోలు, తప్పెట, చెక్కతో కొట్టే స్టీలు బిందె కలిశాయి. స్టీలు బిందె మాత్రం ఖాయంగా హైదరాబాద్‌దే. ఇప్పుడు మర్ఫా నిఖా బారాత్‌లోనూ మోగుతుంది, గణేశ్ నిమజ్జనంలోనూ మోగుతుంది, ఎన్నికల ఊరేగింపులోనూ మోగుతుంది.

ప్రశ్న: మస్కట్‌లో ఉద్యోగం. వచ్చే నెల మా ఒమనీ సహోద్యోగి తమ్ముడి పెళ్లి, ఇబ్రీ దగ్గర పల్లెలో. రజ్ఫా ఉంటుందన్నాడు. పోయినసారి ఫోనులో రికార్డు చేస్తే డోలు తప్ప ఏమీ వినపడలేదు, అదీ పగిలినట్టు వచ్చింది. మైక్‌సెట్ అనుభవంతో ఉపాయం చెప్పండి.
— ఒక పాఠకుడు, మస్కట్

జవాబు: నా పాత గాయం మీదే వేలు పెట్టారు. చెబుతాను.

రజ్ఫాలోనూ రెండు వరుసలే, మధ్యలో చెక్క తుపాకులు తిప్పే కుర్రవాళ్లు ఉంటారు. ముందు మీ స్నేహితుడి ద్వారా పెద్దల అనుమతి అడగండి. ఆడవాళ్లు ఉన్న వైపు ఫోను ఎత్తకండి, ఈ ఒక్క మాట తప్పితే మిగతా ఉపాయాలు పనికిరావు. డోలుకు ఎదురుగా నిలబడితే శబ్దం పగులుతుంది. రెండు వరుసల మధ్యకు వెళ్లకుండా, ఒక వరుస చివరి మనిషి వెనక నిలబడి, ఫోను ఛాతీ ఎత్తులో, డోలుకు వీపు తిప్పి పట్టుకోండి. ఆ మనిషి ఒళ్లే మీకు అడ్డుగోడ. దగ్గరి వరుస పాడేది నేరుగా వస్తుంది, ఎదుటి వరుస జవాబు కొంచెం దూరంగా వస్తుంది. ఆ దూరం వినపడాలి, దాన్ని సరిచేయాలని చూడకండి. వరుసలోకి రమ్మని ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఫోను జేబులో వేసుకుని వెళ్లండి, రికార్డు అంగీ గుడ్డ రాపిడితో పాడైనా సరే.

ఇంకోటి. గంట ముందు వెళ్లండి. ఆట మొదలయ్యే ముందు వాద్యగాళ్లు నిప్పుల దగ్గర కూర్చుని తార్లను, డోళ్లను కాస్తారు. మన ఊళ్లో గడ్డి మంటేసి డప్పు కాచినట్టే, తోలు బిగిసేదాకా. నా రోజుల్లో కొందరు కరెంటు హీటరు తెచ్చుకునేవారు, దానికి ప్లగ్గు పాయింటు ఇవ్వడం నా పనే. తార్‌ను నిప్పు మీద తిప్పుతూ, వేలికొసతో ఒక్క దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ నిప్పు మీదికి. మొదట తడిగుడ్డ మీద కొట్టినట్టు 'బొద్' అంటుంది. పది నిమిషాలకు 'తంగ్' మంటుంది. పక్కవాడి తార్ ఇంకా బొద్దుమంటుంటే అతను తలెత్తి చూస్తాడు. అప్పటికి పాట లేదు, వరుస లేదు, పెళ్లివారు ఇంకా స్నానాల దగ్గరే ఉంటారు.

పద్దెనిమిదేళ్లలో నేను సరిగ్గా పట్టిన రికార్డు అదొక్కటే. క్యాసెట్టు మీద పదకొండు నిమిషాలు. చివర్లో ఎవరో నన్ను చాయ్ కావాలా అని అడగడం, గ్లాసు ఇసుకలో పెట్టిన చప్పుడు కూడా ఉన్నాయి.